గోడ మీద బొంత

హ్యూస్టన్‌లో ఒక తెలుగువారి ఇంట్లో ముందుగది గోడకి సన్నటి కర్ర ఒకటి బిగించి ఉంది. దాని మీద నెలకో పండక్కో ఒక చిన్న బొంత మారుతూ ఉంటుంది. కప్పుకునే బొంత కాదు. మూరెడు వెడల్పు, మూరన్నర పొడవు. పైన ముక్కలు అతికిన గుడ్డ, మధ్యన దూది పొర, వెనక అస్తరు, మూడూ విడిపోకుండా వేసిన వరస కుట్లు. అక్టోబరులో ఎర్రాకులు, డిసెంబరులో మంచుబొమ్మ, జనవరిలో గాలిపటాలు, ఉగాదికి మామిడాకులు. అమెరికాలో క్విల్టు కుట్టే ఆడవాళ్ళ ఇళ్ళలో ఇది మామూలే. ఈ ఇంటి అమ్మాయి వాళ్ళ దగ్గరే నేర్చుకుంది. ఆమె పిన్ని పాలకొల్లు దగ్గర హైస్కూల్లో తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, ఆర్నెల్లు ఉండి వెళ్దామని వచ్చింది. ఈ గుడ్డ దగ్గర ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. నా మొగ్గు ఎటో ముందే చెబుతున్నాను: నాకు ఈ చిన్న బొంతలంటే ప్రాణం. అయినా పిన్ని అడిగినవాటిలో కొన్ని పక్కకి నెట్టేసేవి కావు. అందుకే ఇద్దరి మాటలూ రాస్తున్నాను.

పిన్ని: ఏమే, బయట మీ ఫారన్‌హీట్ లెక్కలో 90 డిగ్రీల ఎండ. మీ వీధిలో ఒక్క చెట్టుకీ ఆకు రంగు మారలేదు. నీ గోడ మీద మాత్రం ఎర్రాకులు రాలిపోతున్నాయి. ఎవరి ఊరి ఋతువే ఇది?

అమ్మాయి: పైనున్న రాష్ట్రాలది పిన్నీ. వెర్మాంట్, న్యూ హాంప్‌షైర్ వైపు ఈ రోజుల్లో మేపుల్ చెట్లు కొండలకి కొండలే ఎర్రబడతాయి. కుట్టు కొత్తగా నేర్చుకునేవాళ్ళు చేసే నమూనాల్లో ఈ మేపుల్ ఆకు ఒకటి. చూడు, తొమ్మిది గళ్ళు. మూడు గళ్ళు నిండు ఎరుపు. నాలుగు గళ్ళు ఏటవాలుగా సగం ఎరుపు, సగం తెలుపు. ఒకటి ఖాళీ. మిగిలినదాంట్లో కాడ. అన్నీ తిన్నటి గీతలే, అయినా దూరంగా నిలబడి చూస్తే ఆకు. ప్రతి ముక్కకీ పావంగుళం కుట్టుకి వదలాలి. ఒక గడిలో నూలుపోగంత తేడా వచ్చినా చివరికొచ్చేసరికి మూలలు కలవవు. మంచం మీద పరిచే పెద్దదానిలో ఆ తప్పు జరిగితే నెలల పని. ఇంతదాంట్లోనైతే విప్పి మళ్ళీ కుట్టుకోవచ్చు.

పిన్ని: నేర్చుకోవడానికైతే సరే, కాదనను. గోడకెక్కించడం దేనికి? మన ఇళ్ళలో పండగ అలంకారమంటే చెట్టు ఇచ్చినప్పుడు కట్టుకునేది. ఉగాదికి మామిడాకు, వేపపూత. సంక్రాంతికి బంతిపూలు, గొబ్బెమ్మ నెత్తిన గుమ్మడిపువ్వు. రెండు రోజులకి వాడిపోతుంది, తీసి పెరట్లో పారేస్తాం. ముగ్గు మధ్యాహ్నానికి తొక్కుడైపోతుంది, మర్నాడు మళ్ళీ కళ్ళాపి చల్లి కొత్తది వేస్తాం. తెలంగాణలో తంగేడు, గునుగు అంత ఓపిగ్గా పేర్చి, చుట్టూ ఆడి, ఆ సాయంత్రమే చెరువులో వదిలేస్తారు. పోతుంది కాబట్టే మళ్ళీ ఏడు ఎదురుచూస్తాం. నీ గుడ్డ మామిడాకు వాడదు. వాడనిదానికీ ఋతువుకీ ఏం సంబంధం?

అమ్మాయి: మరి బొమ్మల కొలువో? భోగినాడు అటక మీంచి పెట్టె దించుతావు. పాత చీర ముక్కల్లో చుట్టిన కొండపల్లి బొమ్మలు ఒక్కొక్కటీ విప్పి మెట్ల మీద పెడతావు. ఏనుగు అంబారీ, తాడిచెట్టెక్కే గీత కార్మికుడు, పెళ్ళికూతురి పల్లకీ. పండగయ్యాక మళ్ళీ చుట్టి అటకెక్కించేస్తావు. ఆ పొణికి చెక్క బొమ్మ వాడిపోయిందా? అది సంక్రాంతిది కాకుండా పోయిందా? ఏడాదంతా షోకేసులో ఉంటే దాన్ని ఎవరూ చూడరు. దాచిపెట్టి తియ్యడం వల్ల పండగ వస్తువైంది. నేను చేసేదీ అదే. ఈ ఆకులు నవంబరు ఆఖరున లోపలికి వెళ్ళిపోతాయి, మళ్ళీ వచ్చే ఏడే.

పిన్ని: కొలువు మాట ఎత్తావు కాబట్టి అడుగుతున్నా. కొలువు పెట్టాక పేరంటం పిలుస్తాం. వీధిలో పిల్లలందరూ వస్తారు, శనగలు పంచుతాం, వచ్చినావిడ నా మెట్లు చూసి ‘ఈ ఏడు రైలుబండి కొత్తగా చేరిందే’ అంటుంది. పదిమంది కళ్ళు పడితేనే కొలువు. నీ గోడ చూడ్డానికి ఎవరొస్తున్నారు? నేనొచ్చి ఇన్నాళ్ళైంది, ఈ గుమ్మం తొక్కినవాళ్ళని వేళ్ళ మీద లెక్కెట్టచ్చు.

ఈ దెబ్బ గట్టిదే. అమ్మాయి కాసేపు మాట్లాడలేదు.

అమ్మాయి: ఇంటికి రారు, నిజమే. కుట్టేవాళ్ళం నెలకోసారి ఒకచోట కలుస్తాం. చేసింది అందరి ముందూ పట్టుకుని నిలబడతాం, వెనక్కి తిప్పి కుట్టు చూపిస్తాం. ఈ ఊళ్ళోనే జార్జ్ ఆర్. బ్రౌన్ కన్వెన్షన్ సెంటర్లో ఏటా శరదృతువులో పెద్ద క్విల్ట్ పండగ జరుగుతుంది, ఎక్కడెక్కడి దేశాల నుంచో వస్తారు. కిందటేడు వెళ్ళాను. అరచెయ్యంత బొంత నుంచి గోడంత బొంత దాకా ఉన్నాయి. ఒకావిడ నా వేలు పట్టుకుని తన కుట్టు మీద నడిపించింది, ఎక్కడ ముడి వేసిందో కనిపెట్టమని. కనిపెట్టలేకపోయాను.

పిన్ని: బాగుంది. అది తిరనాళ్ళు. నేనడిగింది నీ ఇంటి గోడ సంగతి. సరే, అది వదిలెయ్. బొంత అన్నది ఒంటికి తగలాలి. మా అమ్మ కుట్టిన బొంత నీకు గుర్తుండదు. నాన్న పాత పంచెలు నాలుగు మడతలు లోపల, పైనా కిందా తన నేత చీరలు. ధనుర్మాసం చలికి ఆ ఒక్కదాని కింద ముగ్గురం పిల్లలం పడుకునేవాళ్ళం. కాలవలో ఉతికి గట్టున ఆరేసేది. ఉతికినకొద్దీ మెత్తబడేది. మా తమ్ముడు పుట్టినప్పుడు దాన్నే కోసి చంటిబిడ్డకి పక్కబొంతలు చేసింది. నీ బొంత ఉతకవు, కప్పవు. దూది దేనికి పెట్టినట్టు?

అమ్మాయి: దూది లేకపోతే కుట్టు కనపడదు. రెండు గుడ్డల మధ్య పొర ఉంటేనే కుట్టు వేసినచోట లోపలికి దిగి, వెయ్యనిచోట ఉబ్బుతుంది. పక్కనుంచి వెలుగు పడినప్పుడు చూడు, ఆకుకి ఈనెలు వచ్చినట్టుంటాయి. అవి రంగుదారం కాదు, తెల్లదారం మీద నీడ. ఇక కప్పుకోకపోతే బొంత కాదంటావా, 1987 అక్టోబరులో వాషింగ్టన్‌లో పచ్చిక మైదానం మీద పెద్ద బొంత పరిచారు. ఎయిడ్స్‌తో పోయినవాళ్ళ పేర్లతో వాళ్ళ మనుషులు కుట్టిన గుడ్డలు. ఒక్కొక్కటి మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, అంటే మనిషిని పూడ్చేంత. దాన్ని ఎవరూ కప్పుకోలేదు. వెచ్చదనం కోసం కాకుండా కుట్టినవాటిలో అంత అవసరమైనది నాకింకోటి తెలీదు.

పిన్ని: అది విన్నాక నేనేం అనను. పోయినవాళ్ళ పేరు గుడ్డ మీద రాసి పదిమందిలో పరిచారు. మరి నీ ఎర్రాకుల్లో ఎవరి పేరుంది?

అమ్మాయి: పేరు లేకపోతే గోడకి పనికిరాదా? 1971లో బొంతలు మంచం దిగి గోడెక్కాయి. న్యూయార్క్‌లో విట్నీ మ్యూజియం వాళ్ళు పాత అమెరికన్ క్విల్టుల్ని ఆధునిక చిత్రాల్లాగా గోడకి తగిలించి చూపించారు. అంతవరకూ ఇంట్లో పక్కగుడ్డ అనుకున్నదాన్ని జనం నిలబడి చూశారు.

పిన్ని: కుట్టినవాళ్ళ పేర్లు రాశారా కింద?

అమ్మాయి: చాలావాటికి తెలీదు. ఏ ఊరిదో, ఏ కాలానిదో, అంతే.

పిన్ని: అదే నా బాధ. నా చిన్నప్పుడు మా వీధిలో మధ్యాహ్నం వంట కాగానే ప్రతి అరుగు మీదా ఆడవాళ్ళు లేసు అల్లుతూ కూచునేవారు. నర్సాపురం లేసు నిన్నమొన్నటిది కాదు, 19వ శతాబ్దంలో మిషనరీలు తెచ్చిపెట్టిన పని. కొక్కెం సూది, తెల్లదారం, కళ్ళు మాత్రం పక్కింటి కబుర్ల మీద. పువ్వులల్లే చేతులు వేరు, ఆ పువ్వులు అతికే చేతులు వేరు. ఏజెంటు దారం ఇచ్చి వెళ్ళేవాడు, అల్లింది పట్టుకుపోయేవాడు. అది ఓడెక్కి పరాయి దేశంలో భోజనాల బల్ల మీద, క్రిస్మస్‌కి, అలంకారమయ్యేది. అల్లినావిడ ఇంట్లో ఆ ముక్క ఒక్కటీ ఉండేది కాదు. ఆవిడకి బల్లే లేదు. పండగ అలంకారం అనగానే నాకు ముందు ఆ చేతులు గుర్తొస్తాయి. నీకేమో గోడ గుర్తొస్తుంది.

ఇక్కడ నా మాట ఒకటి చెప్పాలి. పిన్ని చూసినదాన్ని జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ 1982లో ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ అనే పుస్తకంలో లెక్కలతో సహా రాసింది. ఇంటిపట్టునుండే ఆడవాళ్ళు తీరిక వేళ చేసుకునే కాలక్షేపంగా ఆ పనిని చూశారు కాబట్టే కూలి అంత తక్కువగా ఉంచడం కుదిరిందని ఆమె వాదన. 2024లో నర్సాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. కానీ ఇంటి అలంకారాల గురించి ముచ్చటపడి రాసే మాలాంటివాళ్ళం ఆ అరుగుల సంగతి మరిచిపోయి రాయకూడదు. చేతిపనిని ‘కాలక్షేపం’ అన్న ప్రతిసారీ ఎవరిదో కూలి తగ్గుతుంది.

అమ్మాయి: అందుకే పిన్నీ, నేను కుట్టింది అమ్మను. అమ్మమని అడిగినవాళ్ళున్నారు. గంటల లెక్క కడితే ఎవరూ ఇవ్వలేని ధర అవుతుంది, తగ్గించి అమ్మితే ఇదే పని మీద బతికేవాళ్ళ ధర పడగొట్టినదాన్నవుతాను. ఇంకో మాట. ఆ అరుగుల మీద ఆడవాళ్ళకి దక్కనిది ఏదో నువ్వే చెప్పావు. చేసింది తన ఇంట్లో పెట్టుకోవడం. నా గోడ మీద ఉన్నది అదే. నేను కుట్టాను, నా దగ్గరే ఉంది. ఇది తప్పెలా అవుతుంది?

పిన్ని: తప్పని ఎవరన్నారే? నీకు దక్కింది, మంచిదే. దక్కినదాన్ని ఏ గుడ్డతో చేశావన్నది అడుగుతా. ఇటివ్వు. (వెనక్కి తిప్పి) ఇది కొత్తగుడ్డ. గంజి వాసన ఇంకా పోలేదు. దుకాణంలో కొన్నావు కదూ?

అమ్మాయి: కొన్నాను. ఫ్యాట్ క్వార్టర్ అంటారు, 18 అంగుళాలు, 22 అంగుళాలు, ఇలా కోసి అమ్ముతారు. రంగులు జతచేసి కట్టగట్టి మరీ.

పిన్ని: మిల్లులో నేసిన నిండు తాను కోసి ముక్కలు చెయ్యడం, ఆ ముక్కలు నువ్వు కొనడం, కొన్నవాటిని ఇంకా చిన్న ముక్కలు కోసి మళ్ళీ అతకడం! అతుకుల బొంత పుట్టింది చిరిగినదాన్ని పారెయ్యలేక. చిరగనిదాన్ని చింపి అతుక్కోవడం నాకు మింగుడుపడదు. మూడొంతుల గుడ్డ కుట్టులోకే పోతుంది పైగా.

అమ్మాయి: మూడొంతులు పోదు గానీ, పోతుంది. ఈ మాట ఇక్కడివాళ్ళూ అంటారు. 1930ల కరువు రోజుల్లో పిండి బస్తాలు పూలగుడ్డతో వచ్చేవి, ఆడవాళ్ళు వాటితో గౌన్లు కుట్టి, మిగిలిన ముక్కలతో బొంతలు కుట్టారు. అలబామాలో గీస్ బెండ్ అని ఏటి మలుపులో చిన్న ఊరుంది. అక్కడి నల్లజాతి ఆడవాళ్ళు పొలం పనికి వేసుకుని అరిగిపోయిన ప్యాంట్లు కోసి కుట్టేవాళ్ళు. మోకాలి దగ్గర వెలిసిపోయిన నీలం, జేబు విప్పినచోట ముదురు నీలం, అలాగే ఉంచేసేవాళ్ళు. 2002లో ఈ హ్యూస్టన్ మ్యూజియంలోనే వాటిని ప్రదర్శించారు, ఈసారి పేర్లతో. ఆ జేబు మచ్చ కొత్తగుడ్డ మీద ఎన్ని డాలర్లు పోసినా రాదు. అది నాకూ తెలుసు.

పిన్ని: తెలిసీ కొన్నావు.

అమ్మాయి: ఆకులకి కొన్నాను. ఇది చూడు మరి.

ఆమె లోపలినుంచి తెచ్చింది ఉగాది బొంత. దిండుగలీబులో చుట్టి ఉంది. ప్లాస్టిక్ సంచిలో పెడితే ఈ ఊరి తేమకి లోపల చెమ్మ చేరుతుంది. మడత కూడా ఏటా ఒకేచోట వెయ్యదు, ఆ గీత దగ్గర పోగులు తెగిపోతాయని. మామిడాకులు రెండు వరసలు, ముదురువీ లేతవీ. లేతాకులకి రాగిరంగు వాడింది, చిగురు ఆ రంగులోనే పుడుతుంది కనుక. కింద అంచుకి పెడన అద్దకం గుడ్డ. నలుపు, ఇటుకరంగు ఎరుపు.

పిన్ని: ఈ ఆకుపచ్చ... ఇది అక్క మంగళగిరి చీర కదే!

అమ్మాయి: అవును, అమ్మదే. కుచ్చిళ్ళ దగ్గర కాలి మడమ తగిలి చిరిగిపోయింది, కూర్చునేచోట పలచబడిపోయింది. పైటవైపు మాత్రం గట్టిగా ఉంది. తనే పంపించింది, ‘ఏం చేసుకుంటావో చేసుకో’ అని. గట్టిగా ఉన్నచోట ముదురాకులు కోశాను. వెలిసినచోటుని కూడా వదల్లేదు, ఈ వెనక వరసలో దూరంగా కనపడే ఆకులు అవే. చీర అంచు ఇక్కడ కాడలైంది. వెనక అస్తరు అదే చీర.

పిన్ని: (గుడ్డ మీద బొటనవేలు రాస్తూ) ఇది చేత్తో కుట్టావు.

అమ్మాయి: మిషను మీద వేస్తే ఈ గుడ్డ తట్టుకోదు. పాత నూలు, సూది పడ్డచోటల్లా చీలిపోతుంది. సన్న సూదితో, చిన్న కుట్లు.

పిన్ని: చిన్నవే, ఒకే కొలతలో లేవు. ఈ మూల చూడు, తొందరపడ్డావు. మా అమ్మైతే విప్పించేది. అద్దకం గుడ్డ ముందు తడిపావా? ఆ ఎరుపు దిగుతుంది.

అమ్మాయి: ఉప్పునీళ్ళలో నానబెట్టి, నీళ్ళు తేటబడేదాకా జాడించాకే కోశాను. ఎండ తగిలే గోడకి పెట్టను, రంగులు వెలుస్తాయి. చెప్పు పిన్నీ, ఈ ఒక్కటి గోడ మీద ఉండచ్చా?

పిన్ని: గుడ్డ సంగతి ఒప్పుకున్నా. ఇది అక్క కట్టిన చీర, కట్టి అరగ్గొట్టిన చీర. ఇది ఉండాలి. ఋతువు సంగతి ఒప్పుకోను. నీ పిల్లలు ఉగాదినాడు బయటికెళ్తే ఏం చూస్తారు? మామిడిచెట్టు ఉందా ఈ వీధిలో?

అమ్మాయి: లేదు. ఆ రోజుల్లో ఇక్కడ బ్లూబానెట్లు పూస్తాయి. మార్చి, ఏప్రిల్‌లో ఊరు దాటితే రోడ్డుకి రెండువైపులా నీలం. 1901 నుంచీ ఈ రాష్ట్రపు పువ్వు అదే. హైవేల వాళ్ళు పనిగట్టుకుని విత్తనాలు చల్లుతారు. జనం పిల్లల్ని ఆ పూలమధ్య కూర్చోబెట్టి ఫొటోలు తీసుకుంటారు, మేమూ తీశాం.

పిన్ని: మరి అది కదా వీళ్ళ చైత్రం! కంటి ముందు పూసినదాన్ని వదిలేసి, ఎక్కడో మంచుదేశంలో రాలిన ఆకులూ, నువ్వు వదిలొచ్చిన ఊరి చిగుళ్ళూ కుడుతున్నావు. మీ అమ్మమ్మ వేపపూత ముగ్గులో వెయ్యలేదు, నేరుగా పచ్చట్లో వేసింది, గుమ్మం ముందు చెట్టు ఉంది కాబట్టి. నీ గుమ్మం ముందు ఉన్నదేదో అది కుట్టు.

అమ్మాయి: నా గుమ్మం ముందు ఉన్నదే నా ఋతువైతే, అమ్మ నాకు చీర ఎందుకు పంపాలి పిన్నీ? ఈ ఇంట్లో రెండు క్యాలెండర్లు వేలాడుతున్నాయి. పిల్లలకి మామిడాకు తెలియదు కాబట్టే కుట్టాను. పెద్దది మొన్న అడిగింది, ‘ఆకు ఎర్రగా ఉందేంటి, ఎండిపోయిందా’ అని. కాదు, ఇప్పుడే పుట్టిందని చెప్పాను. ఆ మాట చెప్పడానికి నాకు ఈ గుడ్డ తప్ప ఇంకేముంది ఇక్కడ?

పిన్ని: చెప్పు, మానమన్నానా? పక్కన బ్లూబానెట్ కూడా కుట్టు. రెండూ ఒకే గుడ్డ మీద. అది అడిగితే, ఇది అమ్మమ్మ ఊళ్ళో పుట్టే ఆకు, ఇది నువ్వు కూర్చుని ఫొటో దిగిన పువ్వు అని చెప్పచ్చు. నా పెట్టెలో నీలం వెంకటగిరి ఉంది, పైట కొస పురుగు కొట్టింది. ఎర్రాకులు తీసెయ్ ముందు.

అమ్మాయి: ఎర్రాకులు తియ్యను. అది నా మొదటి మేపుల్, మూలలు కలిసిన మొదటిది. నవంబరు దాకా ఉంటుంది.

పిన్ని: ఉంచుకో, నీ ఇష్టం. నేను మాత్రం దాన్ని మెచ్చుకోను. నీలం చీర ఇస్తా, కానీ చేత్తో కుట్టాలి. మిషను వద్దు.

అమ్మాయి: అంతా చేత్తో కుడితే ఉగాదికి అవ్వదు పిన్నీ. ఆఫీసు, పిల్లలు...

పిన్ని: అవ్వకపోతే ఇంకా చిన్నది కుట్టు.